సగం నిండిన పలక

మార్చి 3

అన్నయ్యా,

బస్సుకీ బస్సుకీ మధ్య టికెట్ల కౌంటర్లో కూర్చుని రాస్తున్నాను. ఎవరైనా చిల్లర కోసం గొడవకొస్తే వాక్యం తెగిపోతుంది, అతికించుకుని చదువుకో.

ఫోన్ చేసి అడగాల్సిన సంగతే. కానీ ఫోన్లో నువ్వు "ఊఁ", "సరే" తప్ప ఇంకో ముక్క అనవు. రోజంతా ఫోన్లు బాగుచేస్తావు, దాన్లో మాట్లాడమంటే మాత్రం ముత్యాలు రాలిపోతాయన్నట్టు నోరు బిగిస్తావు. ఉత్తరానికైతే జవాబు రాస్తావని నమ్మకం.

పిల్లల బడిలో ఇకనుంచి లెక్కలూ పాఠాలూ టాబ్లెట్లో చేయించాలన్నారు. ఇన్నాళ్ళూ నా పాత ఫోన్ కోసం ఇద్దరూ పిల్లుల్లా కొట్టుకుంటున్నారు. తొమ్మిదేళ్ళ పెద్దదాని పాఠం తెరుచుకునేలోగా ఆరేళ్ళ చిన్నది రాగం మొదలుపెడుతుంది. ఆ ఫోనేమో "చోటు లేదు, చోటు లేదు" అని ఒకటే నస. వారానికి కొన్ని ఫోటోలు తీసేసి ఒక పాఠానికి చోటిస్తున్నాను. మొన్న చిన్నదాని మొదటి అడుగుల వీడియో కూడా పోయింది. నేనే తీసేశాను, చూసుకోకుండా.

మా ఆయన సంగతి తెలుసుగా, డిపోలో ఇంజన్ల కింద పడుకునే మనిషి. "ఎలాగూ పగలగొడతారు, అన్నిటికంటే చవకది పట్టుకురా" అంటారు. దుకాణంలో ఒకతను రబ్బరు పిడి ఉన్నదేదో చూపించి "పిల్లల స్పెషల్, మేడమ్" అన్నాడు. మా శక్తికి అందేదే, కానీ ఎన్నాళ్ళు నిలుస్తుందో తెలియదు. నాలుగేళ్ళయినా నడవాలి. ఏది కొనమంటావు?

ఇది నిన్ను అడగాలా వద్దా అని రెండు వారాలు తటపటాయించాను. నీ కూతురు పోయి ఈ నెలకి రెండేళ్ళు. మా వసపిట్ట లేని ఇంటికి నా పిల్లల ఊసు మోసుకురావాలంటే, దొంగసొమ్ము దగ్గర పెట్టుకున్నట్టుంటుంది. తప్పైతే తిట్టు. వదిన ఎలా ఉంది?

నీ చెల్లెలు


మార్చి 10

చెల్లాయ్,

నీ పిల్లల ఊసు దొంగసొమ్మేమిటి, పిచ్చిదానా. అడిగి మంచిపని చేశావు.

ఆ "పిల్లల స్పెషల్" జోలికి పోకు. బక్కప్రాణానికి రబ్బరు చొక్కా తొడిగి అమ్ముతున్నారు, అంతే. అట్ట మీద ముప్ఫై రెండు జీబీ అని ఉంటుంది. అందులో సగం తన కోసం అదే తినేస్తుంది. మిగతా సగంలో ఇద్దరు పిల్లలు సర్దుకోవాలి. ఆరు నెలలు తిరక్కుండా నీ ఫోన్ పాటే పాడుతుంది. అరవై నాలుగైతే ఈడ్చుకురావడం. నూట ఇరవై ఎనిమిది చూడు.

తర్వాత ర్యామ్. చోటు అల్మరా అనుకుంటే ర్యామ్ వంటగట్టు. అల్మరా ఎంత పెద్దదైనా గట్టు జానెడే ఉంటే ఒక గిన్నె దించితేగాని ఇంకోటి పెట్టలేవు. నాలుగుకి తగ్గనీయకు. ఇక ఎవరూ అడగని సంగతి: కంపెనీవాళ్ళు దీనికి ఇంకా ఎన్నేళ్ళు అప్‌డేట్లు ఇస్తారు? అది అడిగినప్పుడు దుకాణంవాడు నీళ్ళు నమిలితే బయటికి వచ్చేయ్. అవి ఆగిపోతే వస్తువు నిక్షేపంలా ఉన్నా బడి యాప్ ఒకరోజు తెరుచుకోనంటుంది.

తెర పగిలితే మార్చొచ్చు. నా బల్ల మీదికి వచ్చేవాటిలో ఎక్కువ భాగం ఛార్జింగ్ రంధ్రం వదులైనవి. పిల్లలు వైరు పెట్టే ఆడుకుంటారు, వైరు పట్టే గుంజుతారు. ఆ ఒక్క అలవాటు మాన్పించు, రెండేళ్ళ ఆయుష్షు పెరుగుతుంది.

ఇంత రాశాక ఇప్పుడంటున్నాను, ఏదీ కొనకు. నా దగ్గర ఒకటుంది. నేను చెప్పినవన్నీ ఉన్నది. జాగ్రత్తగా వాడినది. బ్యాటరీ కొత్తది వేసి పంపిస్తాను.

జవాబు షాపు చిరునామాకే రాయి, ఇంటికి వద్దు. ఇంట్లో ఉత్తరాలు ఎక్కడ పెడుతున్నానో నాకే గుర్తుండటం లేదు.

మీ వదిన అలాగే ఉంది.

అన్నయ్య


మార్చి 22

అన్నయ్యా,

పార్సిల్ మా డిపో బస్సులోనే వచ్చింది. డ్రైవరు దాన్ని తన సీటు వెనక పెట్టుకుని పసిపిల్లలా తెచ్చాడు. పిల్లలు దానికి "పలక" అని పేరు పెట్టారు. పెద్దది అప్పుడే చట్టాలు చేసింది: తలా అరగంట, వంటింటి గడియారమే సాక్షి. వైరు పెట్టి ముట్టుకుంటే ఆ రోజుకి శిక్ష. చిన్నది బొమ్మలు గీస్తోంది, అన్నిటికీ నాలుగు కాళ్ళే, నాన్నతో సహా.

నువ్వన్నట్టే చకచకా నడుస్తోంది. ఒక్కటే అర్థం కాలేదు. నూట ఇరవై ఎనిమిదిలో డెబ్బై అప్పుడే నిండిపోయి ఉంది. మేం పెట్టింది చారెడు కూడా లేదు. డిపోలో కంప్యూటర్లు చూసే ఆవిణ్ణి అడిగితే "దాని సొంత తిండి ఇరవై దాటదు, మిగతాది ఎవరివో సామాన్లు" అంది. వెనక ఒక మూల నక్షత్రం ఆకారంలో జిగురు మరక ఉంది. ఏదో అంటించి గీకినట్టుంది.

మా ఆయన ఊరుకుంటారా? "మీ అన్నయ్య ఎవరి పాత సామానో మనకి అంటగట్టాడు" అన్నారు. నీ తరఫున గట్టిగా పోట్లాడాను. పోట్లాడాక నాకూ మనసులో చిన్న ముల్లు. ఇంతకీ ఎవరిది అన్నయ్యా?

పక్కింటి కుట్టుపని చేసే ముసలావిడ నిన్న "మీ చిన్నది బడికి పోలేదా? సాయంత్రం లోపల మాటలు వినిపించాయి" అంది. ఇంటికి తాళం వేసి ఉంది, పిల్లలు బడిలో ఉన్నారు. పాపం, వయసు మీద పడుతోంది.

వదినకి కృతజ్ఞతలు చెప్పు.

నీ చెల్లెలు


మార్చి 30

చెల్లాయ్,

షాపులో పని ఎక్కువగా ఉంది, రెండు ముక్కల్లో రాస్తున్నాను. ఆ డెబ్బై గురించి బెంగపడకు. మిగిలిన చోటు మీ పిల్లలకి నాలుగేళ్ళు చాలుతుంది. తెర తెరవగానే పైన రెండు ఖాతాలు కనిపిస్తాయి. ఒకటి మీది. రెండోదానికి తాళం ఉంది, దాన్ని కదపకండి.

అంటగట్టానని మీ ఆయన అనుకుంటే అనుకోనీ. పనికిరానిది మాత్రం పంపలేదు.

అన్నయ్య


ఏప్రిల్ 8

అన్నయ్యా,

ఈ ఉత్తరం ఎలా మొదలుపెట్టాలో తెలియక మూడు కాగితాలు చింపాను.

పిల్లలకి సెలవులిచ్చారు. ఇన్ని ఆదివారాలూ నాకు డ్యూటీ, పిల్లలూ నాతో డిపోలోనే ఉండేవారు. ఈ ఆదివారం అందరం ఇంట్లోనే ఉన్నాం. నేను బట్టలు మడతపెడుతున్నాను. పలక గూట్లో ఉంది, ఎవరూ ముట్టుకోలేదు. సరిగ్గా నాలుగూ ఇరవైకి అందులోంచి మాటలొచ్చాయి.

"వసపిట్టగారూ, వసపిట్టగారూ! చేదు మాత్ర వేళయింది. ముక్కు మూసుకోండి. మింగండి. మొహం అలా పెట్టకండి, అమ్మ చూస్తోంది. శభాష్!"

నా చేతిలో చొక్కా అలాగే ఉండిపోయింది. రెండేళ్ళయింది ఆ గొంతు విని. చివర్న "శభాష్" దగ్గర ఎగఊపిరి కూడా అలాగే ఉంది, మందుల రోజుల్లో వచ్చేదే. మా ఆయన లేచి బయటికి వెళ్ళిపోయారు. పెద్దది గుర్తుపట్టి నా వెనక నక్కింది. చిన్నదానికి మాత్రం ఏమీ తెలియదు, నాలుగేళ్ళప్పటి సంగతి దానికేం గుర్తుంటుంది? అది బుద్ధిగా ముక్కు మూసుకుని, గుటక మింగి, "మింగేశాను" అంది.

ముసలావిడకి వయసు మీద పడలేదు అన్నయ్యా. ఇన్నాళ్ళూ తాళం వేసిన ఇంట్లో, వినేవాళ్ళు లేకపోయినా, ఆ పిల్ల రోజూ వేళకి పిలుస్తూనే ఉందన్నమాట.

భయపడ్డాను, అబద్ధమెందుకు? తర్వాత సిగ్గుపడ్డాను. ఎవరి పాత సామానో అని మాట్లాడుకున్నాం. పిల్ల వస్తువు తీసి నా పిల్లలకి ఇచ్చిందంటే వదినది ఎంత పెద్ద మనసు! నేనైతే ఇవ్వలేను. ఆవిడకి వేరేగా ఉత్తరం రాయాలనుకుంటున్నాను.

నీ చెల్లెలు


ఏప్రిల్ 12

చెల్లాయ్,

మీ వదినకి రాయొద్దు. ఈ ఉత్తరం చేరేలోగా రాసి ఉండవని ఆశ. ఆమెకి తెలియదు.

జబ్బు పట్టిన ఏడాదంతా పిల్ల పడక మీదే ఆ పలకతో చదివింది, గీసింది, వాగింది. అలారం గొంతు కూడా అదే రికార్డు చేసుకుంది. అది పోయాక మీ వదిన రోజూ పలకని ఛార్జింగ్ పెట్టి, నాలుగూ ఇరవైకి ఒళ్ళో పెట్టుకుని, పక్కన గ్లాసుతో నీళ్ళు పెట్టుకుని కూర్చునేది. రెండేళ్ళలో ఒక్కరోజు తప్పలేదు. కళ్ళద్దాల దుకాణంలో ఉద్యోగం అందుకే మానేసింది, ఆ వేళకి ఇంట్లో ఉండాలని. నేను ఆ వేళకి ఇంటికి వెళ్ళడం మానేశాను. రెండేళ్ళలో నేను ఒక్కసారి కూడా వినలేదు.

నీ మొదటి ఉత్తరం చూడగానే ఇదే దారి అనిపించింది. బ్యాటరీ ఉబ్బిపోయింది, ఇంట్లో ఉంచితే ప్రమాదం, పారేశానని ఆమెకి చెప్పాను. నమ్మింది. నా పనే అది కదా, నమ్మదా మరి?

చెరిపే పంపాలనుకున్నాను. రోజుకి పది చెరుపుతాను నేను, ఎవరి ఫోటోలు, ఎవరి పెళ్ళిళ్ళు అని చూడను. ఈ ఒక్కదాని మీద వేలు కదల్లేదు. తాళం వేసి, పక్కన మీకో ఖాతా తెరిచి పంపించాను. పిరికిపని.

నువ్వు చెయ్యి. రెండో ఖాతా తాళం పిల్ల పుట్టినరోజు, నీకు తెలుసు. లోపలికి వెళ్ళి సెట్టింగ్స్ చివర్న "మొత్తం చెరిపివేయి" నొక్కు. చోటంతా నీ పిల్లలకి మిగులుతుంది. చేశాక నాకు చెప్పొద్దు. నువ్వు ఆ మాట ఎత్తకపోతే అయిపోయిందని అర్థం చేసుకుంటాను.

అన్నయ్య


మే 2

చెల్లాయ్,

ఇరవై రోజులుగా నీ ఉత్తరం లేదు. అర్థమైంది. నీ చేతులకి దండం.

ఇంకోటి చెప్పాలి, నువ్వు తిట్టినా సరే. మీ వదిన పలక ఏ చెత్తలో పారేశానో చూస్తానని షాపుకి వచ్చింది. వెనక గదిలో పాడైపోయిన టాబ్లెట్లు మూడు పెట్టెలున్నాయి. మధ్యాహ్నమంతా ఒక్కొక్కటే తీసి తుడిచి వెనక మూల చూసింది. నక్షత్రం కోసం. ఆ స్టిక్కరు గీకింది నేనే. నాలుగూ ఇరవైకి పెట్టెల ముందు వంగి, చెవి పెట్టి కూర్చుంది. మర్నాడూ వచ్చింది. మూడో రోజు నా పనివాళ్ళు రేడియో కట్టేసి, ఆ వేళకి వాళ్ళంతట వాళ్ళే బయటికి వెళ్ళి నిలబడ్డారు.

ఇక తట్టుకోలేక చెప్పేశాను. "నీకోసమే దాన్ని చెల్లాయి దగ్గరికి పంపాను. ఇప్పుడందులో ఏమీ లేదు, చెల్లాయే చెరిపేసింది" అన్నాను. అరుస్తుందనుకున్నాను. అరవలేదు. చేతులకంటిన దుమ్ము చీరకి తుడుచుకుని, "మీ చెల్లెలికి చేతులెలా వచ్చాయి?" అంది. అంతే. అప్పట్నుంచి నాతో మాటల్లేవు.

నింద నీ మీద పడేట్టు చేశాను. కోపం తగ్గాక ఒక ముక్క రాయి.

అన్నయ్య


మే 7

అన్నయ్యా,

చెరపలేదు.

"చెప్పొద్దు" అని నువ్వు రాసింది నాకు సాకు దొరికినట్టయింది. చెరపలేదనీ చెప్పలేక, చెరిపాననీ చెప్పలేక ఊరుకున్నాను. నా మౌనాన్ని నువ్వు ఇలా వాడుకుంటావనుకోలేదు. వదిన అడిగిన మాట చదివినప్పట్నుంచి నా చేతులు నాకే పరాయిగా ఉన్నాయి.

నీ ఉత్తరం వచ్చిన రోజే తాళం తీశాను. చివరి మీట దాకా వెళ్ళాను. వెనకనుంచి పెద్దది, "అమ్మా, వసపిట్టవి తీసేసి నా పాఠాలకి చోటిస్తావా? నాకొద్దు" అంది. పలక బోర్లా పెట్టేశాను. రేపు చేద్దాంలే అనుకున్నాను.

ఆ "రేపు" ఏమైందో విను. నాలుగూ ఇరవైకి ఇంట్లో ఉండాలని కౌంటర్లో డ్యూటీ మార్చుకున్నాను. తలనొప్పి అని చెప్పాను, పిల్లకి జ్వరం అని చెప్పాను. రోజూ వచ్చి గూటి ముందు నిలబడ్డాను. ఒకరోజు బస్సు ఆలస్యమై పది నిమిషాలు దాటిపోతే వీధిలో పరిగెత్తాను అన్నయ్యా, చెప్పుల్లేకుండా. వదినకి జబ్బనుకుని నువ్వు దాన్ని నా ఇంటికి పంపించావు. అది జబ్బైతే నాకూ అంటింది.

చిన్నది ఇప్పుడు ఎవరొచ్చినా "మా ఇంట్లో ఒక పిల్ల ఉంది, దానికి ఒంట్లో బాగాలేదు" అని చెబుతోంది. నిన్న దాని రొట్టె సగం తుంచి గూట్లో పెట్టింది. అది చూశాక మెలకువ వచ్చింది.

పలక ఈరోజు బస్సులో వదిన పేరున, మీ ఇంటికే పంపిస్తున్నాను. షాపుకి కాదు. మా ఆయనే అట్టపెట్టెలో సర్ది, ఊడిపోకుండా తాడు కట్టారు. అంటగట్టాడన్న మనిషే ఈసారి ఇంత భద్రంగా కట్టారు. మీ ఖాతాలో ఒక్క అక్షరం పోలేదు. మా పిల్లల బొమ్మలు మాత్రం తీసేశాను.

వదినకి నువ్వే ఎదురెళ్ళి చెప్పు, అబద్ధం చెప్పానని. పెట్టె విప్పేలోపు చెప్పు.

నీ చెల్లెలు


మే 18

అమ్మాయీ,

పెట్టె అందింది. తాడు విప్పడానికి గంట పట్టింది, మీ ఆయనకి చెప్పు.

నీ మీద కోపం పోలేదు. నెలరోజులు నా పిల్ల గొంతు వింటూ నాకో కబురైనా చెయ్యలేదు నువ్వు. మీ అన్నయ్య సరే, ఆయన నోటికి తాళమే. నీకేమైంది? అయినా చెప్పుల్లేకుండా పరిగెత్తానని రాశావే, ఆ ముక్క మీ అన్నయ్య చదివి వినిపించారు. మళ్ళీ చదవమన్నాను. ఈ రెండేళ్ళలో నాలాంటి పని ఇంకో మనిషి చేసిందని తెలియడం అదే మొదలు. మీ అందరికీ అది జబ్బులా కనిపించింది. నాకు పనిలా ఉండేది. పిల్లకి మందు వేళ చూడటం అనే పని. అది లేని నెలన్నర, ఈ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

పెట్టె వచ్చిన రోజు మీ అన్నయ్య ఇంట్లోనే ఉన్నారు. నాలుగయ్యాక గుమ్మం దాకా వెళ్ళారు, చెప్పుల్లో కాళ్ళు పెట్టారు, అక్కడే నిలబడిపోయారు. విన్నారు. చెప్పులు విప్పి లోపలికొచ్చి, నాకు పెట్టిన నీళ్ళు ఆయన తాగేశారు. అంతకంటే ఏం జరగలేదు. మర్నాడు ఆ వేళకి షాపులోనే ఉండిపోయారు. నేను ఏమీ అనుకోలేదు.

మీ పిల్లలకి వేరే పలక కొన్నాం. నేనే ముందు పడి దుకాణానికి తీసుకెళ్ళాను. ఉన్నవాటిలో తక్కువ ధరదే, కానీ చోటుంది, అప్‌డేట్లు ఇంకా ఐదేళ్ళు వస్తాయట. దుకాణంవాడు నీళ్ళు నమలలేదు. ఇంటికి తెచ్చి తెరిస్తే లోపల ఏమీ లేదు. ఒక్క బొమ్మ లేదు, ఒక్క గొంతు లేదు. అంత ఖాళీ చూసి నాకు కళ్ళు తిరిగాయి. పిల్లల వస్తువు ఖాళీగానే మొదలవ్వాలని మీ అన్నయ్య అన్నారు. ఆ మాట ఆయన నోట రావడానికి ఇంతకాలం పట్టింది.

దాన్ని పార్సిల్ చెయ్యను. నేనే తెస్తాను, ఆదివారం పొద్దున్న బస్సుకి.

రెండేళ్ళుగా మీ ఇంటి గడప ఎందుకు తొక్కలేదో నీకు తెలుసు, అడగకపోవడం నీ మంచితనం. నీ పెద్దది ఎంత పొడుగైందో చూడటం నాకిష్టం లేకపోయింది. వచ్చే నెల దానికి పదేళ్ళు నిండుతాయి. నా కూతురు పదేళ్ళ దగ్గరే ఆగిపోయింది. నీ పిల్ల ఆ వయసు దాటి వెళ్ళిపోయేలోపు ఒకసారి చూడాలి.

చూడగలనో లేదో బస్సు దిగేదాకా నాకే తెలియదు. అందుకని దాన్ని గుమ్మంలో నిలబెట్టకు, "అత్తకి ఎదురెళ్ళు" అనకు. లోపల ఏదో చదువుకుంటూ ఉండనీ, వీపు ఇటు పెట్టి. నేను నెమ్మదిగా వస్తాను.

మీ వదిన